ఊరు – ఉర్: ధ్వనిసామ్యమూ బాంధవ్యమూ

తెలుగు ‘ఊరు’ను, ప్రాచీన సుమేరియా నగరం ‘ఉర్’ను పక్కపక్కన నిలిపి, ఆ ఒక్క పోలికతో రెండు జాతులకూ చుట్టరికం కలిపే వాదం మళ్ళీ మళ్ళీ తలెత్తుతూనే ఉంది. భాషాభిమానం దీనికి ప్రేరణ కావచ్చు. ప్రమాణం మాత్రం కాజాలదు.

ముందు ‘ఉర్’ సంగతే చూడవలసి ఉంది. సుమేరియనులు ఆ నగరాన్ని ‘ఉరిమ్’ అన్నారు. ‘ఉర్’ అనే రూపం ఆధునిక ప్రపంచానికి బైబిలు ద్వారా పరిచితమైనది. సుమేరియనులో ‘ఉర్’ అనే మాటకు ప్రసిద్ధార్థం కుక్క! నగరవాచకం వేరే ఉంది. దానిని కొందరు ‘ఉరు’ అనీ, కొందరు ‘ఇరి’ అనీ చదువుతారు. పోలికకు ఆధారమైన ఉచ్చారణే వివాదగ్రస్తమన్నమాట. ‘ఉరు’ పాఠాన్నే అంగీకరించినా మిగిలేది ఒక్క పదం.

ఇంత చిన్న పదం ఎక్కడైనా దొరుకుతుంది. హంగేరియనులో ‘ఊర్’ అంటే ప్రభువు, స్వీడిష్‌లో గడియారం. బాస్క్ భాషలో ‘ఉర్’ అంటే నీరు. తెలుగులో నీరు ‘ఊరుతుంది’ కనుక, ధ్వనిసామ్యమే ప్రమాణమైతే బాస్క్ పదంతోనూ అంతే సులువుగా బంధుత్వం కలపవచ్చు. ఆ పని ఎవరూ తలపెట్టకపోవడానికి కారణం శాస్త్రనిష్ఠ కాదు. బాస్క్ చుట్టరికం వల్ల ఐదువేల ఏళ్ళ ప్రాచీనత చేకూరదు.

అసలు తెలుగులోనే ఈ రూపం ఒక్క మాట కాదు. గ్రామవాచకమైన ‘ఊరు’లో ఉన్నది సాధురేఫం, స్రవించడం, నానడం అనే అర్థాలున్న ‘ఊఱు’లో ఉన్నది శకటరేఫం. తమిళం ఈ భేదాన్ని నేటికీ లిపిలో పాటిస్తున్నది. బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు రెంటినీ వేర్వేరు ఆరోపాలుగా చూపింది. ఊరగాయకు ఊరితో సంబంధం లేదు. తొడ అనే అర్థంలోని ‘ఊరువు’ సంస్కృతం నుంచి వచ్చిన మూడవ మాట. ఇంటిలోని ఈ భేదాలనే పట్టించుకోని వ్యుత్పత్తి యూఫ్రటీసు తీరం దాకా పోవడం సాహసం.

1816లో ఎల్లిస్ దక్షిణాది భాషల బాంధవ్యాన్ని ప్రతిపాదించినప్పుడు ఒక్క పదాన్ని పట్టుకొని వేలాడలేదు; ధాతువులనూ పదనిర్మాణాన్నీ పోల్చాడు. తెలుగు చెరువుకు కన్నడంలో ‘కెరె’, చెవికి ‘కివి’ ఉండడం యాదృచ్ఛికం కాదు. తాలవ్యాచ్చుల ముందు తెలుగులో కకారం చకారమైందన్న నియమానికి అవి సాక్ష్యాలు. సుమేరియను విషయంలో ఇటువంటి నియమాన్ని ఎవరూ సర్వసమ్మతంగా నిరూపించలేదు. ద్రావిడభాషలను ‘సిథియను’ వర్గంతో ముడిపెట్టబోయిన కాల్డ్వెల్ వంటి మహాపండితుని ఊహ కూడా నిలవలేదు.

సింధులోయకూ మెసొపొటేమియాకూ వర్తకం ఉన్నది కదా, మాట వలస పోయి ఉండవచ్చు కదా అనే ఆక్షేపణ రావచ్చు. అది ఆదానవాదం, బాంధవ్యవాదం కాదు. ఎవరి నుంచి ఎవరికి, ఏ కాలంలో, ఏ రూపంలో వెళ్ళిందో చూపవలసిన భారం ఆ వాదిదే. సింధులిపి నేటికీ సర్వామోదంగా చదవబడని స్థితిలో ఆ భారం చిన్నది కాదు.

ఈలోగా చేయవలసిన పని చేరువలోనే ఉంది. రెండు రేఫాల భేదాన్ని పాటించిన తొలినాటి శాసనాలను ముందుంచుకొని, ‘-ఊరు’తో ముగిసే గ్రామనామాలలో ఎన్నింటి చివర ఊరు ఉన్నదో, ఎన్నింటి చివర ఊట ఉన్నదో తేల్చవలసి ఉంది.