మాటల్లేని భీష్ముడు

మొన్న టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పందెం కాసుకున్నారు. ‘మన మొదటి సినిమా ఏది?’ అని. ‘భక్త ప్రహ్లాద’ అన్నాడొకడు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ అన్నాడు రెండోవాడు. తీర్పు నన్ను చెప్పమన్నారు. ఇద్దరూ గెలిచారన్నాను. దాంతో టీ డబ్బులు నా నెత్తిన పడ్డాయి!

అసలు సంగతేమిటంటే... 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ మొదటి తెలుగు టాకీ. అంతకు పదకొండేళ్ల ముందే, 1921లో, మద్రాసులో ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ కంపెనీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ తీసింది. ఆ కంపెనీ పెట్టినాయన మన బందరు మనిషి, రఘుపతి వెంకయ్య.

వెంకయ్యగారిది మద్రాసులో ఫొటో స్టూడియో. 1910 ప్రాంతంలో ఆయన కంట్లో ‘క్రోనోమెగాఫోన్’ అనే యంత్రం పడింది. తెర మీద బొమ్మ కదులుతుంటే దానికి జతగా గ్రామఫోను రికార్డు మోగుతుంది. అంతే! స్టూడియో తాకట్టు పెట్టి మరీ కొన్నారు. దాంతో ఊళ్లు తిరిగారు, బర్మా, సింహళం కూడా చుట్టొచ్చారు. 1914లో మద్రాసులో ‘గెయిటీ’ హాలు కట్టించారు. ఆ తర్వాత క్రౌన్, గ్లోబ్.

హాళ్లయితే ఉన్నాయి గానీ, వాటిలో మనవాళ్లు తీసిన బొమ్మేదీ? అందుకే కొడుకు ప్రకాష్‌ని ఆ విద్య నేర్చుకు రమ్మని విదేశాలకు పంపారు. అతను తిరిగొచ్చి ‘భీష్మ ప్రతిజ్ఞ’కి దర్శకత్వం వహించాడు, భీష్ముడి వేషమూ తనే కట్టాడు. గంగగా నటించింది పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి. తండ్రి కోసం ప్రతిజ్ఞ పట్టిన కొడుకు కథని, తండ్రి కల కోసం ఓ కొడుకు తీశాడన్న మాట!

మూకీకి భాషేమిటండీ అంటారా? నిజమే, నోరు విప్పని బొమ్మకి భాష లేదు. కానీ తీసినవాళ్లకి ఊరుంది, ఇంటిపేరుంది. ‘లవకుశ’ తీసిన సి.పుల్లయ్య, వై.వి.రావు లాంటివాళ్లు ఈ తండ్రీకొడుకుల దగ్గరే ఓనమాలు దిద్దుకున్నారు. అందుకే అది మనది.

ఆ బొమ్మ చూద్దామంటే మాత్రం లేదు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది, లేకపోతే డబ్బాలోనే కుళ్లిపోయేది. మన మూకీల్లో చాలావాటికి పట్టిన గతే దీనికీ పట్టింది.

వెంకయ్యగారు 1941లో పోయారు. 1980లో ప్రభుత్వం ఆయన పేరిట అవార్డు నెలకొల్పింది. పేరు నిలిచింది, బొమ్మ పోయింది.

మీ తాతగారి ట్రంకు పెట్టెలో పాత సినిమా కరపత్రమో, పాటల పుస్తకమో ఉందేమో చూడండి. పాతకాగితాలవాడికి తూకానికి వేసేముందు ఒక్కసారి తిరగేయండి. మనకి మిగిలిన సినిమా చరిత్రలో కొంత ఆ కాగితాల్లోనే ఉంది మరి!