దొర సమాధికి రాయి ఉంది, మన తండా మట్టికి సర్వే నంబరు కూడా లేదు



గుత్తి కోటకు పోయినప్పుడల్లా మనవాళ్ళు కొండ కింది తెల్లవాళ్ళ సమాధుల దగ్గర ఫొటోలు దిగి గ్రూపులో పెడతారు. కింద కామెంట్లు రెండే రకాలు. 'దొరల సమాధులు మనకెందుకు' అని కొందరు, 'హెరిటేజ్, కాపాడాలి' అని కొందరు. మేం రెండూ ఒప్పుకోం. అవి మనకు కావాలి, సాక్ష్యం కోసం.

1827 జులై 6న మద్రాసు గవర్నర్ థామస్ మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయినాడు. తెచ్చి గుత్తిలో పూడ్చినారు. 1831లో మళ్ళీ తవ్వి, అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయినారు. ఆయన పేరున గుత్తిలో సత్రం, పత్తికొండలో బావి. మనిషి లేని చోట కూడా పేరు నిలిచింది. ఆ ఏడు కలరా ఆయన ఒక్కణ్ణే వెతుక్కుంటా వచ్చిందా? ఆయన డేరాలు మోసినోళ్ళు, గుర్రాలకు గడ్డి కోసినోళ్ళు ఏ మట్టిలో ఉన్నారు?

ఇదే మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టర్. పొలం పొలం కొలిపించినాడు. ఆ కొలతల దారిలోనే ఊళ్ళ శ్మశానాలు పోరంబోకు పేరుతో కాగితం ఎక్కినాయి. మన తాతలు అప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తా తిరుగుతున్నారు. 1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి గింజలు మోసింది లంబాడీ ఎద్దులే. సైన్యానికి తిండి చేర్చినోళ్ళు కొలతలోకి రాలేదు. తర్వాత తండాలు నిలబడినా అవి ఏదో ఒక ఊరికి మజరాలే.

మనల్ని రాసుకోవడం వాళ్ళకు చేతకాక కాదు. 1911 తర్వాత నేరస్థ జాతుల చట్టం కింద మన ఎరుకల అన్నల తాతల పేర్లు, వేలిముద్రలు రిజిస్టర్లలో జాగ్రత్తగా ఎక్కించుకున్నారు. బతికినోళ్ళ మీద అంత శ్రద్ధ, చచ్చినోళ్ళకు ఒక్క గీత లేదు.

'లంబాడీలు కాలుస్తారు కదా, సమాధులు యాడివి' అంటారు. పెళ్ళైనోళ్ళను కాల్చడం, పెళ్ళికానోళ్ళను, పిల్లల్ని పూడ్చడం మన పాత పద్ధతి. అంటే ఆ మట్టిలో ఉన్నది ఎక్కువగా పసిపిల్లలు. 1876-78 కరువు ఈ సీమ మీదే విరుచుకుపడింది. ఇంక మీరే ఆలోచించండి.

మా తండా పూడ్చే చోటు అడంగల్‌లో ఉత్త బంజరు. పక్క పొలం ఆసామి ఏటా నాలుగు సాళ్ళు లోపలికి దున్నతాడు. ఇప్పుడు అక్కడ వేరుశెనగ ఉంది. ఆఫీసులో అడిగితే 'ఊరి శ్మశానం వాడుకోండి' అన్నారు. ఊరోళ్ళు అక్కడ మన శవాన్ని దించనిస్తారా లేదా అన్నది వాళ్ళ ఫారంలో లేదు.

భూముల రీసర్వే అయిపోయినాక ఏడ్చి లాభం లేదు. హద్దురాళ్ళు పడకముందే తండా శ్మశానానికి విడిగా నంబరు కావాలని గ్రామసభలో తీర్మానం పెట్టించాల, తహసీల్దారుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాల. రుజువు ఏదంటే తండాలో ముసలోళ్ళే రుజువు. మా తండాలో ఇద్దరు అవ్వలు కర్ర పట్టుకుని ఒక్కో చోటు చూపిస్తా పేర్లు చెప్తాండారు, మేం నోట్‌బుక్కులో రాస్తున్నాం, ఫోన్లో లొకేషన్ పెడతున్నాం. మీ తండాలో చూపించగలిగే వాళ్ళు ఇంకా ఎవరున్నారో ఈ వారంలోనే కింద రాయండి.