సగం సంచీ ఒక్కడికే

అయిదు కోట్ల రూపాయలు మీ చేతికిచ్చి, “ఇందులోనే జట్టు కట్టుకోండి. పైన ఒక్క రూపాయి పెట్టడానికి వీల్లేదు. పద్ధెనిమిదిమందికి తగ్గకూడదు, ఇరవై అయిదుమందికి మించకూడదు” అన్నారనుకోండి. మీరేం చేస్తారు? అందరికీ తలా కాస్తా సర్దేవారు కొందరు. ఒక మొనగాణ్ణి కొనేసి, మిగిలిన డబ్బుకి ఎవరొస్తే వాళ్ళని తెచ్చుకునేవారు కొందరు. 2023 అక్టోబరులో ముంబాయిలో జరిగిన ప్రో కబడ్డీ వేలంలో మన తెలుగు టైటన్స్ రెండో దారి తొక్కింది. పవన్ సెహ్రావత్ అనే కూతగాడికి 2 కోట్ల 60 లక్షల 50 వేలు పాడింది. కబడ్డీ వేలంలో అంతకు ముందు అంత ధర ఎవరికీ పలకలేదు.

కొన్నది అల్లాటప్పా మనిషినని కాదు సుమండీ. ఆ వేలానికి ముందు వారంలోనే చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన భారత జట్టుకి నాయకుడతను. పట్టుకోబోయినవాళ్ళ భుజాలమీదినించి ఎగిరి గీత దాటగలడు. అంతటివాడు కావాలని కోరుకోవడం తప్పెలా అవుతుంది? అయితే సంచీ చిన్నది. అయిదు కోట్లలో రెండు కోట్ల అరవై పోతే మిగిలేది రెండు కోట్ల నలభైకి ఓ యాభై వేలు తక్కువ. దానితో కనీసం పదిహేడు మందిని సాకాలి. సగటున తలకి పద్నాలుగు లక్షలు.

ఫలితం వినండి. ఆ సీజనులో టైటన్స్ ఇరవై రెండు పందేలాడి గెలిచినవి రెండు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. పవన్ మాత్రం తన పని తాను చేశాడు. కూతలో రెండువందలకు పైగా పాయింట్లు తెచ్చాడు. మొనగాడు ఆడాడు, జట్టు ఓడింది. ఇదెలాగంటే, జవాబు చెడుగుడులోనే ఉంది.

మన పల్లెటూళ్ళలో చిన్నప్పుడు ఆడినవాళ్ళకి చెప్పనక్కర్లేదు గాని, పట్నవాసపు పాఠకులకోసం చెబుతున్నాను. కూతకు వెళ్ళినవాణ్ణి ఎదుటిజట్టు పట్టేస్తే వాడు చచ్చినట్టు లెక్క, బయట కూర్చోవాలి. మళ్ళీ లేవాలంటే లోపల ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళలో ఒకణ్ణి చంపాలి. ఒకడు అక్కడ చస్తే ఒకడు ఇక్కడ లేస్తాడు. ఇప్పుడు చూడండి. రెండు కోట్ల అరవై లక్షల మనిషి పట్టుబడి గీతవతల కూర్చున్నాడు. అతన్ని లేపవలసింది ఎవరు? మడమ పట్టేవాడు, నడుం పట్టేవాడు, మూలన నిలబడి గొలుసు కట్టేవాడు. సంచీ అడుగున మిగిలిన చిల్లరతో తెచ్చుకున్నవాళ్ళన్నమాట! వాళ్ళు పట్టలేకపోతే కోట్లు బల్లమీద కూర్చుని చప్పట్లు కొట్టవలసిందే. మొనగాడి ప్రాణం చిన్నజీతగాళ్ళ చేతుల్లో పెట్టిన ఆట ఇది. క్రికెట్టులోనైనా అవుటైనవాడు మళ్ళీ లేవడు కాబట్టి ఆ బాధ లేదు.

టైటన్స్‌వారికి ఇది మొదటిసారీ కాదు. 2019లో సిద్ధార్థ్ దేశాయికి కోటీ నలభై అయిదు లక్షలు పాడారు. అప్పటి సంచీ నాలుగు కోట్ల నలభై లక్షలు. ఆ యేడు పన్నెండు జట్లలో పదకొండో స్థానం. తరవాతి సీజనుకి అతన్నే కోటీ ముప్ఫయి లక్షలకి నిలుపుకున్నారు. మొదట్లోనే దెబ్బ తగిలి అతను కూర్చుండిపోయాడు. ఇరవై రెండు పందేల్లో ఒక్కటి గెలిచారు. ఆ పై సీజనులో రెండు. ఆ పైన పవన్‌తో మళ్ళీ రెండు. మూడు సీజన్లు, అరవై ఆరు పందేలు, అయిదు గెలుపులు. తెలుగు పేరు పెట్టుకున్న జట్టు కాబట్టి టీవీముందు కూర్చుని మనసు కష్టపెట్టుకున్నవారిలో నేనూ ఉన్నాను.

మధ్యలో మదరాసువాళ్ళ కథ ఒకటుంది. 2022లో ఇదే పవన్‌ని తమిళ తలైవాస్ జట్టు రెండు కోట్ల ఇరవై ఆరు లక్షలకు కొంది. మొదటి పందెంలోనే అతని మోకాలు దెబ్బతింది. ఆ సీజనంతా మళ్ళీ బరిలో దిగలేదు. డబ్బు గంగలో కలిసింది, జట్టు మునిగిందనుకున్నారు. కాని నరేందర్ అనే కొత్త కుర్రాడు, మొదటి యేడే, కూతల భారమంతా నెత్తినేసుకున్నాడు. వెనక పట్టేవాళ్ళు గట్టివాళ్ళు. ఆ జట్టు చరిత్రలో మొట్టమొదటిసారిగా సెమీఫైనలు చేరింది!

ఈ లెక్కలన్నీ మా అక్కయ్యగారింట్లో చెప్పాను. మా బావగారు పర్చూరు ప్రాంతంలో మిరప, పత్తి పండిస్తారు. ఆయన చుట్ట పక్కన పెట్టి, “ఏమయ్యా లెక్చరరూ, ఇందులో ఏముంది? విత్తనానికీ మందుకీ చేతిలో డబ్బంతా పోసి, కోత కూలికి లేకుండా చేసుకున్నవాడి సంగతి నాకు చెప్పాలా? కాయ ఎర్రగా పండి చెట్టుమీదే ఎండుద్ది. చూడ్డానికి మాత్రం బెమ్మాండంగా ఉంటది” అన్నారు.

“మరి విత్తనం మంచిది వద్దంటారా, బావగారూ?” అన్నాను.

“వద్దని ఎవరన్నారు? కోత కూలి ముందు తీసి పక్కన పెట్టుకుని, తరవాత విత్తనం బేరమాడమంటున్నా.”

ముంబాయి వేలంలో కూర్చునేవారికి ఈయన్ని పంపితే బాగుండునని నాకనిపించింది గాని, మిరపకోతల రోజుల్లో ఆయన కదలరు.

ఇది మనకొక్కరికే పట్టిన తెగులనుకోకండి. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట ఉంది. అందులో బంతి కాలితో తన్నడం తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తడం ఎక్కువ. అక్కడి జట్లకి 1994లో జీతాలకి హద్దు పెట్టారు. ఆ యేడు జట్టుకి 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2025కి అది 27 కోట్ల 92 లక్షల డాలర్లయింది. దీన్ని వాళ్ళు ‘సాలరీ క్యాప్’ అంటారు. మా క్లాసులో ఒక కుర్రాడు దాన్ని ‘జీతాల టోపీ’ అని తెలుగు చేశాడు. టోపీ పెట్టడమంటే మన భాషలో ఏమిటో తెలిసిన క్లాసంతా నవ్వింది. నేను ‘జీతాల గట్టు’ అని దిద్దాను. నీరు నా పొలంలోంచి పక్క పొలంలోకి పోకుండా, పక్కవాడి నీరంతా నా పొలంలోకి రాకుండా ఆపేది గట్టు. డబ్బున్న ఒక్క జట్టే మొనగాళ్ళందరినీ ఎగరేసుకుపోతే ఆట ఎవరు చూస్తారు? అందుకు కట్టిన గట్టది.

ఆ ఆటలో కూతగాడిలాంటివాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టు ఎత్తుగడ దాదాపు ప్రతిదీ అతని చేతిలోంచి మొదలౌతుంది. 2024లో డాక్ ప్రెస్కాట్ అనే అతనికి డాలస్ జట్టు యేడాదికి 6 కోట్ల డాలర్ల చొప్పున నాలుగేళ్ళకి రాసిచ్చింది. యాభై ముగ్గురున్న జట్టులో అయిదోవంతు సంచీ ఒక్కడికి! మనవాళ్ళు సగమిచ్చారు కాబట్టి ఆ విషయంలో అమెరికాని మించిపోయాం.

అయితే అమెరికావాళ్ళకి మనకి లేని వెసులుబాటొకటి ఉంది. సంతకం పెట్టినరోజున పెద్దమొత్తం రొక్కంగా ఇచ్చేసి, దాన్ని ఖాతాలో మాత్రం అయిదేళ్ళదాకా పరిచి రాసుకోవచ్చు. ఈ యేడు గట్టు తగిలితే, ఈ యేటి జీతాన్ని కూడా అలా మార్చి ముందు యేళ్ళమీదికి తోస్తారు. పల్లెల్లో వాళ్ళకి ఇదేమిటో చప్పున అర్థమౌతుంది: నోటు తిరగరాయడం. తిరగరాసినకొద్దీ ఈ యేడు గడుస్తుంది, అసలు కదలదు. డెన్వర్ జట్టు 2022లో రస్సెల్ విల్సన్‌కి అయిదేళ్ళకి 24 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం రాసి, 2024లో అతన్ని వదిలేసుకుంది. మనిషి వెళ్ళిపోయాడు. అతని పేరిట 8 కోట్ల 50 లక్షల డాలర్లు తరవాతి రెండేళ్ళ ఖాతాలో మిగిలాయి. ఎద్దు చచ్చినా దానిమీద తెచ్చిన నోటు చావదు.

మన కబడ్డీలో ఆ తిరగరాత లేదు. ఏ యేటి సంచీ ఆ యేటిది. కాబట్టి తప్పు కూడా ఆ యేటితోనే పోతుంది. ఇది మంచిదనే నా అభిప్రాయం.

మొనగాడే తనంతట తాను తగ్గించుకుంటే? అదీ మనవాళ్ళలోనే జరిగింది. 2008లో ఐ.పి.ఎల్. మొదలైనప్పుడు, కొన్ని ఊళ్ళ జట్లకి అక్కడి పెద్ద ఆటగాణ్ణి ‘ఐకన్’ అని ముందే కేటాయించారు. జట్టులో అందరికంటె ఎక్కువ ధర పలికినవాడికన్నా అతనికి నూటికి పదిహేను చొప్పున ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్‌కి వి.వి.ఎస్. లక్ష్మణ్ అలా ఉండవలసినవాడు. నాకక్కరలేదు, ఆ డబ్బుతో జట్టుకి మంచివాళ్ళని కొనుక్కోండి అని తప్పుకున్నాడు. ఆ మాట విని పొంగిపోని తెలుగువాడు లేడు. తరవాత జరిగిందేమిటంటే, యాభై లక్షల డాలర్ల సంచీలోంచి పదమూడు లక్షల యాభై వేలు ఆండ్రూ సైమండ్స్‌కి పాడారు. అతను తన దేశం పిలిస్తే మధ్యలోనే వెళ్ళిపోయాడు. పద్నాలుగు పందేల్లో రెండు గెలిచి ఛార్జర్స్ అడుగున నిలిచింది. మరుసటి యేడు గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు తెచ్చింది కాబట్టి ఆ బాధ మరిచిపోయాం. ఒకడు చేసిన త్యాగాన్ని ఇంకొకడి ధరలో కలిపేస్తే మిగతావాళ్ళకి చేరేదేమీ ఉండదు.

ఇదంతా విని, పెద్ద ధర పెడితే ఓటమే అని తేల్చేవారుంటారు. వారు పుణె సంగతి కూడా వినాలి. టైటన్స్ పవన్‌ని కొన్న ఆ వేలంలోనే పుణేరి పల్టన్ జట్టు ఇరాన్ దేశస్థుడు షాద్లూయికి 2 కోట్ల 35 లక్షలు పెట్టింది. దాదాపు అదే దుబారా! కాని 2024 మార్చి 1న కప్పెత్తింది పుణెవాళ్ళే. తేడా ఎక్కడుందంటే, వాళ్ళ మిగతా జట్టు వేలంలో కొన్నది కాదు, ఇంట్లో పెంచుకున్నది. నాయకుడు అస్లం ఇనాందార్ అప్పటి అహమద్‌నగర్ జిల్లా కుర్రాడు. అతన్నీ, మోహిత్ గోయత్‌నీ మీసాలు సరిగా రాకముందే తెచ్చి, తర్ఫీదిచ్చి, తక్కువ జీతానికి నిలుపుకున్నారు. అందుకే ఒకడికి పెద్దధర పెట్టినా సంచీ చిరగలేదు. అమెరికాలోనూ ఇంతే. 2022లో కొత్తవాళ్ళని పంచుకున్నప్పుడు అందరికంటె చివర, 262వ వాడిగా మిగిలిన బ్రాక్ పర్డీ, తన ఆటలో అతి చిన్న జీతానికి ఆడుతూ శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుని ఆఖరి పందెందాకా తీసుకెళ్ళాడు. మిగిలిన డబ్బంతా జట్టుకి పట్టింది. 2025లో అతనికీ అయిదేళ్ళకి 26 కోట్ల 50 లక్షల డాలర్లు రాశారు. ఇక వాళ్ళ లెక్కా మారుతుంది.

టైటన్స్ కూడా దారి మార్చింది. 2024లో పవన్‌ని కోటీ డెబ్భై రెండున్నర లక్షలకి నిలుపుకుని ఏడో స్థానానికి వచ్చింది. 2025లో అతన్ని వదిలేసింది. తలైవాస్ అతన్ని యాభై తొమ్మిదిన్నర లక్షలకే పట్టుకుపోయింది. టైటన్స్ విజయ్ మాలిక్‌ని యాభై ఒకటిన్నర లక్షలకి నిలుపుకుంది. భరత్‌కి ఎనభై ఒక్క లక్షలు పెట్టింది. కోటి దాటినవాడు లేడు. ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదటి పందెంలోనే పవన్ ఉన్న తలైవాస్ చేతిలో ఓడితే, ఊరంతా నవ్వింది. అక్టోబరు వచ్చేసరికి టైటన్స్ రెండో క్వాలిఫయరుదాకా వెళ్ళింది. తలైవాస్ మొదటి ఎనిమిదిలో లేదు. ఆ యేడు రెండేసి కోట్లు దాటి పాడిన గుజరాత్, బెంగాల్ జట్లూ లేవు.

నాకు మిగిలిన కొరత ఒక్కటే. రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశంవాడు, దేశాయి మహారాష్ట్రుడు, పవన్ ఢిల్లీవాడు, మాలిక్ హర్యానావాడు. వాళ్ళమీద నాకేమీ కోపం లేదు. చొక్కామీది పేరుకోసం ఒళ్ళు హూనం చేసుకున్నారు. కాని సంక్రాంతికి మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒకపక్క ఎడ్ల బండలాగుడు, ఒకపక్క కబడ్డీ పందేలు పెడతారు కదా. బండలాగే గిత్తని చిన్న దూడగా ఉన్నప్పుడే చూసి, ఉలవలు పెట్టి, మేపి, మూడేళ్ళు ఓపిక పడతారు. పక్క బరిలో మడమ పట్టు పట్టిన పదిహేడేళ్ళ కుర్రాడికి పండగనాడు ఒక కప్పు, నాలుగు ఈలలు ముట్టజెప్పి, మర్నాడు మిరపచేలోకి పంపేస్తారు. ఇటీవలి వేలాల్లో అన్నిటికన్నా దిగువ తరగతి కనీసధర తొమ్మిది లక్షలు. అందులోనూ ఆ జట్లకి ఎప్పుడూ కరువయ్యేది మడమ పట్టేవాళ్ళే.