పాటా పనే.. సంతకానికి ముందు చదవండి

గోదావరిఖనిలో డిగ్రీ చదివే అమ్మాయి సింగర్‌ అవుతానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే.. ‘పాటతో కడుపు నిండుతదా?’ ఆ ప్రశ్నను తప్పుపట్టలేం. ఇక్కడ బతుకుదెరువంటే తరాలుగా బొగ్గుబాయే. మస్టరు పడితే జీతం, క్వార్టరు, ఆస్పత్రి. పాటకు మస్టరు లేదు.

కానీ ఆ భరోసా కూడా తగ్గుతూ వస్తోంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉంది. ఇక అమ్మాయిలనైతే 1952 నాటి గనుల చట్టం బాయిలోకే దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సడలింపు ఇచ్చినా, అప్పట్లో భూగర్భంలో అది సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్‌ పనుల వరకే పరిమితమైంది.

ఇదే గోదావరిఖని నుంచి గాయని మధుప్రియ వచ్చారు. చిన్నప్పుడే ‘ఆడపిల్లనమ్మా’ పాటతో ఇంటింటికీ తెలిశారు. 2017లో ‘ఫిదా’లో ‘వచ్చిండే’ పాడారు. 2025 సంక్రాంతి సినిమాలో రమణ గోగులతో కలిసి ‘గోదారి గట్టు’ పాడారు. ఒక పెద్ద హిట్టుకూ మరోదానికీ మధ్య ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లను తట్టుకుని నిలబడటమే అసలు కెరీర్‌.

అంతకుముందు విజయవాడ అమ్మాయి స్మిత ‘పాడుతా తీయగా’ వేదిక నుంచి వచ్చి, ‘హాయ్‌ రబ్బా’ ఆల్బంతో తెలుగులో పాప్‌ గాయనిగా పేరు తెచ్చుకున్నారు. అప్పట్లో ఆల్బం అంటే క్యాసెట్‌, కంపెనీ, షాపు. ఇప్పుడు ఫోన్‌, చిన్న స్టూడియో, యూట్యూబ్‌ ఉంటే చాలు. దారి సులువైంది. మోసపోవడమూ అంతే సులువైంది.

మంచి గొంతు కనిపిస్తే ‘ఇంత ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టు’ అంటారు. పాటకు కోట్ల వ్యూస్‌ వచ్చినా పాడినవాళ్లకు ఆ మొదటి మొత్తమే మిగలొచ్చు. అందుకే నాలుగు విషయాలు గుర్తుంచుకోండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ప్రకారం 5 ఏళ్లకే. ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే. గాయకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది, పాటను వాణిజ్యంగా వాడితే రాయల్టీ అడిగే వీలును 2012 సవరణ ఇచ్చింది. కాగితంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు కనిపిస్తే అక్కడే ఆగండి. తెలిసిన వకీలుకు చూపించండి. పాట మీరే రాసి, బాణీ మీరే కట్టుకుంటే ఆ రెండింటి సంగతీ విడిగా రాయించుకోండి.

అందరూ గ్రూప్స్‌ పుస్తకాలు పక్కనపెట్టి మైకు పట్టుకోమని చెప్పడం లేదు. పరీక్షకు చదువుతూనే పాడొచ్చు. ఒక ఏడాది పాట మీద ఎంత ఖర్చయింది, ఎంతొచ్చిందో లెక్క రాయండి. ఆ లెక్కే ముందుకెళ్లాలా వద్దా అన్నది చెబుతుంది. ‘కడుపు నిండుతదా’ అన్న అమ్మానాయనలకు చూపించాల్సింది కూడా వ్యూస్‌ కాదు, ఆ లెక్క, ఆ ఒప్పందం కాగితం. పాటను పనిగా చూస్తేనే దాని కూలి మనం అడగగలం.