నాయక్ మాట, సర్పంచ్ సంతకం

జనగామ జిల్లా పాలకుర్తి చుట్టూ ఉన్నటువంటి లంబాడీ తండాలకు తరచు వాటిని నెలకొల్పిన నాయక్ పేరే ఊరి పేరవుతుంది. పేరుతో పాటు పాలనా అతనిదే. తన సహాయకుడైన కార్‌బారీని, పెద్దమనుషులను పక్కన కూర్చోబెట్టుకొని తగువు తీర్చేవాడు, ఆ తీర్పు కాగితమెక్కేది కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన జాటోతు ఠాణు నాయక్ వచ్చింది ఇలాంటి తండా నుంచే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం కింద 500 జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి, 2019 జనవరిలో ఎన్నికలు జరిగాయి. తండాకు స్వపరిపాలన అప్పుడే వచ్చిందనడం పొరపాటు. అది పాతదే, కొత్తగా వచ్చింది చెక్‌బుక్కు. అదైనా ఒంటి చేతికి రాలేదు: సర్పంచ్ సంతకం పక్కన ఉపసర్పంచ్ సంతకమూ పడాలి. ఒకే మాట మీద నడిచిన చోట ఇద్దరి మధ్య పొత్తు కుదిరితేనే మోరీకి సిమెంటు వస్తుంది. పెద్దూరికి శివారుగా ఉంటూ వీధి దీపం కోసం దేబిరించడం కంటే ఇది నయమే, సందేహం లేదు. కానీ 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు తీరగానే ఆ అధికారం ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది. నాయక్ పెద్దరికానికి మాత్రం అలాంటి గడువు ఏ చట్టమూ పెట్టలేదు.