రెండో ట్రాలీకి బ్రేకు ఉంటేనే తగిలించండి

చెరకు నరుకుడు మొదలైందంటే రైతుకు తీరిక ఉండదు. కూలీలు దొరకాలి, పర్మిట్ రావాలి, ట్రాక్టరు దొరకాలి. నరికిన గడ ఎండేకొద్దీ తూకం తగ్గుతుంది. అందుకే ఒకే ట్రిప్పులో రెండు ట్రాలీలు పంపేస్తే పోలా అనిపిస్తుంది. కర్ణాటక, మహారాష్ట్ర చెరకు ప్రాంతాల్లో ట్రాక్టరు వెనక జోడు ట్రాలీలు మామూలే. డీజిలు కలిసొస్తుంది, డ్రైవరు కూలి కలిసొస్తుంది, ఫ్యాక్టరీ దగ్గర ఒక్కసారి వరుసలో నిలబడితే చాలు. ఈ ఆలోచనను తప్పు పట్టలేం. కానీ రైతు సోదరులారా, లాగడం గురించి ఆలోచించినంతగా ఆపడం గురించి మనం ఆలోచించడం లేదు.

"మా బండి 45 హార్స్ పవర్. రెండేం ఖర్మ, మూడైనా లాగుతుంది" అంటుంటారు కొందరు. లాగుతుంది, నిజమే. కానీ హార్స్ పవర్ లాగడానికి, బ్రేకు ఆపడానికి. మన దగ్గర తిరిగే మామూలు ట్రాక్టర్లకు బ్రేకులు వెనక రెండు చక్రాలకే ఉంటాయి. మరి ట్రాలీకో? చాలావాటికి నిలిపినప్పుడు వేసే చేతి బ్రేకు ఒక్కటే ఉంటుంది. అదీ లేకపోతే చక్రం కింద రాయి పెడతాం.

ఒక చిన్న లెక్క చూడండి. ట్రాక్టరు బరువు 2 టన్నులు, ఒక్కో ట్రాలీ చెరకుతో కలిపి 7 టన్నులు అనుకుందాం. మొత్తం 16 టన్నులు. అంటే 2 టన్నుల బండి బ్రేకు మీద ఎనిమిది రెట్ల బరువు పడుతోంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఉత్త ట్రాక్టరు 15 అడుగుల్లో ఆగితే, ఈ జోడు ఆగడానికి 100 అడుగులు దాటవచ్చు. వేగం 30కి పెరిగితే ఆ దూరం రెట్టింపు పైనే అవుతుంది. ఇక పల్లం సంగతి. ప్రతి 20 అడుగులకు ఒక అడుగు దిగే రోడ్డు మీద ఆ 16 టన్నుల బరువు దాదాపు 800 కిలోల బలంతో ముందుకు తోసుకొస్తుంది. చెరువు కట్ట దిగేటప్పుడో, వంతెన దిగేటప్పుడో ట్రాలీలే ట్రాక్టరును నెడతాయి. డ్రైవరు కంగారుపడి పెడల్ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని జారతాయి. ట్రాక్టరు అడ్డం తిరిగి, ట్రాలీ దాని మీదికి మడతపడుతుంది. అప్పుడు ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా చేయగలిగింది ఏమీ ఉండదు.

అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది. రెండు ట్రాలీలు లాగాలంటే రెండింటికీ బ్రేకు ఉండాలి. ఒకదానికే ఉంటే ఆ ఒక్కదాన్నే లాగండి.

ట్రాలీకి నడిచేటప్పుడు పనిచేసే బ్రేకు పెట్టించడం కొత్త విద్యేమీ కాదు. ఆయిలు బ్రేకు అయితే ట్రాక్టరు పెడల్ తొక్కగానే ఆయిలు పైపు గుండా వెళ్లి, ట్రాలీ చక్రంలోని బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కుతుంది. అదే పైపును రెండో ట్రాలీ దాకా పొడిగించాలి. ఇందులో పైపు తెగితే ఆయిలు కారిపోయి బ్రేకు పోతుంది. లారీలకు ఉండే గాలి బ్రేకులో రెండు పైపుల పద్ధతి పెట్టిస్తే, ట్రాలీ ఊడినా పైపు తెగినా ట్రాలీ తనంతట తనే బ్రేకు పట్టుకుని ఆగుతుంది. జోడు ట్రాలీలకు ఇదే మేలు, కానీ ఖర్చు ఎక్కువ.

బ్రేకు పెట్టించగానే సరిపోదు, సమంగా కుదర్చాలి. చక్రాన్ని జాకీతో లేపి, షూలు డ్రమ్ముకు తగిలేదాకా బిగించి, మళ్లీ చక్రం తేలిగ్గా తిరిగేంత వరకు వదులు చేయాలి. కుడి ఎడమలు సమంగా పట్టాలి. వెనక ట్రాలీ ముందుదానితో పాటే పట్టాలి, ఆలస్యం కారాదు. సమంగా ఉన్న ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, మొదట ఖాళీగా, తర్వాత బరువుతో పరీక్షించండి. కొంతదూరం వెళ్లాక దిగి, డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి. ముట్టుకోకండి, కాలుతుంది. ఒకటి బాగా వేడెక్కితే అది ఊరకే పట్టుకుంటోంది. చల్లగా ఉంటే అది పనిచేయడం లేదు.

అమెరికాలో పికప్ బండ్లు లాగే ట్రైలర్లకు కరెంటు బ్రేకులు ఉంటాయి. అవి ఎంత గట్టిగా పట్టాలో డ్రైవరు పక్కనున్న చిన్న పెట్టెలో సరిచేసుకుంటారు. బరువు మారితే మళ్లీ సరిచేస్తారు. మనకు ఆ పెట్టె లేకపోయినా ఆ అలవాటు కావాలి. రెండు ట్రాలీల్లో బరువైనది ముందు, తేలికైనది వెనక ఉండాలి. పొలంలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు లాకు వేసి కలపాలి. పల్లం మొదలు కాకముందే చిన్న గేరు వేయాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. హుక్కులో ఇనుప చువ్వ దూర్చి సరిపెట్టకుండా సరైన పిన్ను, దానికి లాకు, తోడుగా గొలుసు పెట్టాలి.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీ కూడా మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కావాలి. రిజిస్ట్రేషన్‌లో రాసిన బరువుకు మించి ఎక్కించరాదు. ప్రమాదం జరిగాక ట్రాలీ కాగితాలు లేవని తేలితే, నష్టపరిహారం భారం బండి యజమాని నెత్తిన పడవచ్చు. అప్పు చేసి ట్రాక్టరు కొన్న చిన్న రైతు ఆ దెబ్బకు మళ్లీ కోలుకోగలడా?

మరి బ్రేకు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? అంతా రైతే భరించాలనడం న్యాయం కాదు. వేగంగా చెరకు చేరితే లాభం ఫ్యాక్టరీలకూ ఉంది. యార్డు గేటు దగ్గర తూకం చూసినట్టే ట్రాలీ బ్రేకు కూడా చూడాలి, బ్రేకు పెట్టించుకునే వారికి ముందుగా డబ్బు ఇచ్చి బిల్లులో వాయిదాలుగా పట్టుకోవాలి. యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం బ్రేకు లేని ట్రాలీకి ఇవ్వకూడదు. ట్రాలీలు తయారుచేసే షెడ్లవాళ్లు అడిగితేనే పెడతాం అంటుంటారు. కాబట్టి కొనేటప్పుడే అడగండి.

సొంత ట్రాక్టరు లేదు, నాకెందుకు అనుకోవద్దు. కిరాయికి పిలిచే రైతు మాటకూ విలువుంది. "అన్నా, వెనక ట్రాలీకి బ్రేకుందా?" అని ఒక్క మాట అడగండి. లేదంటే ఒక ట్రాలీతోనే రెండు ట్రిప్పులు వేయమనండి. కిరాయి కొంచెం పెరిగితే పెరగనివ్వండి. మీ చెరకు మోసే డ్రైవరు మీ ఊరి పిల్లవాడే, ఆ రోడ్డు మీద బడికి నడిచేది మీ పిల్లలే.