సుమోలు తిరిగిన దారిలో

కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర బండి ఆపినవాళ్లు ముందుగా వెతికేది ‘ఒక్కడు’లో మహేశ్‌బాబు ప్రకాశ్‌రాజ్‌ని కొట్టిన చోటునే. 2003 నుంచీ అదే వరస. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు. సినిమా పిచ్చే లేకపోతే మనలో సగం మంది ఇటు వచ్చేవాళ్లమే కాదు.

నంద్యాల రోడ్డెక్కితే కాసేపట్లో ఓర్వకల్లు. రాళ్ల గుట్టలు, వాటి మధ్య నీటి మడుగులు. ‘బాహుబలి’ చిత్రీకరణ 2013 జులై 6న మొదలైంది ఇక్కడే. లేని రాజ్యానికి ఉన్న ఊరి రాళ్లు అరువిచ్చాం. అడిగి తీసుకున్నారు, పేరు మాత్రం మాహిష్మతికి పోయింది.

అక్కడి నుంచి పాణ్యం, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల. ‘సమరసింహారెడ్డి’ (1999) తర్వాత పుట్టిన కుర్రాడికి ఈ సీమ పేర్లు చెబితే సుమోలు గాల్లోకి లేస్తాయి. అవే పేర్లు భూగర్భశాస్త్రవేత్తకు చెప్పి చూడండి. పాణ్యం క్వార్ట్‌జైట్, అవుకు షేల్, కోవెలకుంట్ల సున్నపురాయి, పులివెందుల క్వార్ట్‌జైట్ అంటూ రాతి పొరల్ని ఏకరువు పెడతాడు. విలియం కింగ్ 1872లోనే కడప, కర్నూలు రాళ్ల మీద గ్రంథం వేశాడు. వంటగట్టు మీద పరిచే కడప బండ కూడా ఆ వంశానిదే. బనగానపల్లె అంటే మనకు మామిడిపండే గుర్తొస్తుంది. ఆ పేరున్న రాతి పొరలో వజ్రాలు దొరికాయన్న సంగతి ఏ హీరోతోనూ ఎవరూ చెప్పించలేదు.

బెలుం గుహల్లో సున్నపురాయిని నీరు కరిగించుకుంటూ పోయింది. సొరంగాల పొడవు 3,229 మీటర్లు, మనల్ని రానిచ్చేది కిలోమీటరున్నర దాకా. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు. 1982-83లో జర్మన్ బృందం దిగి కొలిచింది. సందర్శకులకు తలుపు తెరిచింది మాత్రం 2002లో. లోపల ఉక్కపోత భరించలేం, చొక్కా పిండుకోవాల్సిందే.

జమ్మలమడుగు దాటాక గండికోట. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసిపారేసింది. గట్టి రాయి గనుక అంచులు అరిగిపోకుండా దిమ్మెలు దిమ్మెలుగా విరిగి, ఎవరో తాపీగా పేర్చిపెట్టినట్టుంటాయి. కోటకు ఆ వైపు వేరే గోడ ఎందుకు? శత్రువును ఆపే పని లోయే చూసుకుంది. ఆ రాళ్ల వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. మన సినిమాకు ఆ అంచు కనిపిస్తే మాత్రం విలన్‌ని తోసెయ్యడానికే పనికొస్తుంది.

ఇప్పటికైనా సినిమా మొదట్లోనే, హీరో బిరుదు పడేంత పెద్ద అక్షరాల్లో, తీసిన ఊరి పేరు వెయ్యాలి. పర్యాటక శాఖవారు కూడా టికెట్టు వెనక అక్కడి రాయి పేరు, వయసు, పుట్టిన తీరు నాలుగు లైన్లలో అచ్చేస్తే, సెల్ఫీకి వచ్చిన కుర్రాడు తిరుగుదారిలో బస్సులో కూర్చున్నప్పుడైనా చదువుతాడు.